రాజేశం బావ దుర్భిణికి అడ్డంగా ఉన్న కడ్డీ

మగ్గాలు నడుస్తున్నంత సేపూ భివండీలో ఇల్లు సన్నగా వణుకుతూనే ఉంటుంది. శుక్రవారం మగ్గాలకు సెలవు కాబట్టి ఆ రోజు వస్తే శనిగ్రహం వలయాలను ఫొటో తీసుకోవచ్చని రాజేశం బావ ఫోన్లో చెప్పాడు. ఆయన మా పెదనాన్న కూతురు సుగుణక్క భర్త, ఎనిమిది పవర్‌లూమ్‌ల యజమాని. వరాలా తలావ్ అనే చెరువు పక్కన తన డాబా మీద దుర్భిణి కోసం ఒక గది కట్టుకున్నాడు. దాన్ని వేధశాల అనాలని నేనంటే, అక్క నవ్వి 'చుక్కల అర్ర' అంటుంది. నా చేతిలో కొత్త కెమెరా ఉంది, పోయిన ఫిబ్రవరిలో, అంటే 2004లో, బయల్దేరడానికి అంతకంటే కారణం అక్కర్లేకపోయింది. ఇలాంటి గదులు చూడాలనే కోరిక మీకూ ఉంటే తప్పకుండా వెళ్ళండి. నేను చేసిన పని మాత్రం చేయకండి.

నిజామాబాద్‌లో సాయంత్రం ఎక్కిన రైలు తెల్లవారుతుండగా కళ్యాణ్‌లో దింపింది. స్లీపర్ టికెట్టు రెండు వందల యాభై లోపే. స్టేషన్ బయట షేర్ ఆటోలు దొరుకుతాయి, భివండీలో ధామన్కర్ నాకా అనే కూడలి దాకా మనిషికి పది రూపాయలు, ట్రాఫిక్ లేకపోతే ముప్పావు గంట. నాకాలో ఇంకో ఆటో మాట్లాడుకున్నాను. నా హిందీ వినగానే డ్రైవర్ తెలుగులోకి దిగాడు. మగ్గాల పనికి మావైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు అక్కడ చాలామంది.

"వరాలా తలావ్‌ల ఎవరింటికి పోవాలె?"

"రాజేశం గారని, డాబా మీద దుర్భిణి ఉంటుంది."

"దుర్బీన్ సేటా! ముందుగాల్నే చెప్పరాదే అన్నా. మా పోరగాండ్లు ఆడనే చంద్రున్ని చూసిండ్రు. గల్లీల ఆడోళ్ళు గూడ పోయి చూస్తరు. మంచి మనిషి."

గది చూడగానే నాకు అసూయ కలిగింది. చుట్టూ నడుము ఎత్తు గోడలు, పైన పట్టాల మీద పక్కకు జరిగే రేకు. మగ్గానికి నూలు చుట్టే పాత బీమ్ గొట్టాన్ని కాంక్రీటులో నిలబెట్టి, దాని మీద బావ తన చేతులతో చేసుకున్న దుర్భిణిని అమర్చాడు. నాకు ఒకటే లోపం కనిపించింది. దుర్భిణి గొట్టం కిందికి వంగకుండా బొటనవేలంత లావు ఇనుప కడ్డీ అడ్డంగా బిగించి ఉంది. బావ కాశేలి గోదాముకు తానులు పంపే పని మీద వెళ్తూ, "నేనొచ్చేదాక దాన్ని ముట్టకు బామ్మర్ది. పొద్దుగూకినంక కెమెరా కట్టుకుందాం" అన్నాడు.

నేనాగితేగా! భోజనం కాగానే పైకెక్కి కెమెరా బిగించాను. ఆ బరువుకు పెద్ద గొట్టానికీ, దాని మీద గురి చూసుకోవడానికి ఉండే ఫైండర్ అనే చిన్న గొట్టానికీ పొంతన తప్పింది. పగటి వెలుగులో దూరాన కదలని వస్తువునొకదాన్ని చూస్తూ రెండింటినీ సరిచేయడం సులువు. కడ్డీ అడ్డొచ్చింది. స్పానర్‌తో రెండు బోల్టులు విప్పి దాన్ని తీసేసి, నాలుగిళ్ళ అవతల డాబా మీదున్న నీళ్ళ ట్యాంకు మీద గురి పెట్టాను. కెమెరాలోంచి ట్యాంకు మీది అక్షరాలు తలకిందులుగా, చేతికందేంత దగ్గరగా కనిపించాయి. నా పని అయిపోయింది. కానీ ట్యాంకు పక్కన ఒకామె శుక్రవారం తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంటోంది. తలకిందుల బొమ్మలో ఆ జుట్టు పైకి పారుతున్నట్టుంది. నేను కన్ను తీయలేదు. ఉన్నట్టుండి ఆమె ముఖం నా వైపు తిరిగింది. కొంగు లాక్కుని గబగబా మెట్లు దిగిపోయింది. చెవులు మండిపోతుండగా కడ్డీ తిరిగి బిగించబోతే, బోల్టు చేతిలోంచి జారి ఎక్కడో పడింది.

కాసేపటికి కింద గొంతులు వినిపించాయి. ఆ అమ్మాయి అత్త నర్సవ్వ, మా అక్కను వెంటబెట్టుకుని పైకి వచ్చింది. అక్క కడ్డీ లేని గొట్టాన్ని చూసి తల పట్టుకుంది.

"ఏం పని చేసినవ్‌రా! గీ అర్ర కట్టినప్పుడు మా ఇండ్లల్లకు చూస్తడని గల్లీ అంత లొల్లి అయింది. మీ బావ అందర్ని పైకి పిలిచి, అందరి ముందల గా కడ్డీ బిగించిండు. గప్పటిసంది ఎవ్వలు ఒక్క మాట అనలే."

అంతలో బావ వచ్చాడు. సంగతి విని, నన్ను ఏమీ అడగకుండానే నర్సవ్వ వైపు తిరిగాడు. "మా బామ్మర్ది గసొంటోడు కాదు నర్సవ్వా. మిషన్ సెట్ చేసుకుంటుండె. ట్యాంకు చూసిండు, గంతే. నా మాట నమ్ము."

"ట్యాంకేనా బిడ్డా?" అని ఆమె నన్ను అడిగింది.

"ట్యాంకే" అన్నాను.

"ఏది, నన్ను చూడనియ్యి." గొట్టం ఇంకా ఆమె డాబా వైపే ఉంది. నర్సవ్వ వంగి, ఒక కన్ను మూసి చూసింది. నిలబడి మోకాలు రుద్దుకుంది. "గింత మంచిగ కనవడుతున్నది ట్యాంకు. మా కోడలు తల ఎంటికలు ఇడుసుకున్నకాడికెళ్ళి గీ గొట్టం ఇటే ఉన్నదట. ట్యాంకు చూడనీకె గంత సేపెందుకు బిడ్డా?"

బావ ఒక్కసారి నా ముఖంలోకి చూసి తల దించుకున్నాడు. తప్పు చేసింది నేను, తలవంపులు ఆయనకు. "అర్ర ఉంచాల్నో, పీకెయ్యాల్నో నువ్వే చెప్పు నర్సవ్వా" అన్నాడు మెల్లగా.

"కడ్డీ మళ్ళ ఎవ్వలు విప్పరాకుంట చెయ్యి రాజేశం. తర్వాత చూద్దాం" అని ఆమె దిగిపోయింది.

నాకా నుంచి వెల్డింగ్ మనిషిని పిలిపించారు. అతను అతుకు వేస్తుంటే కడ్డీని పట్టుకుని నిలబడ్డది నేనే. చీకటి పడ్డాక బావ రేకు జరిపాడు. శని నడినెత్తిన ఉంది. శుక్రవారం సాయంత్రం గల్లీ అంతా పైకి వస్తుందని అక్క ముందే చెప్పింది, ఆ రోజు ఒక్కరూ రాలేదు. "తీస్కో ఫొటో, గిందుకే గదా వచ్చినవ్" అన్నాడు బావ. ఆ గొంతులో కోపం లేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. ఫొటో తీయడానికి ముఖం చెల్లక కెమెరా సంచిలో పెట్టేశాను.

నాకు ఇప్పటికీ నా మీద అసహ్యం వేసేది 'ట్యాంకే' అన్న మాట గుర్తొచ్చినప్పుడు. ఆ మాట అనకముందు జరిగినదాన్ని బుద్ధి గడ్డి తిందని ఒప్పుకునే వీలుండింది. అన్నాక, నా తరఫున పూచీ పడ్డ మనిషిని కూడా అబద్ధంలోకి లాగాను. మొన్న ఫోన్ చేస్తే అక్క చెప్పింది, పిల్లలు మళ్ళీ చుక్కలు చూడ్డానికి వస్తున్నారట. నర్సవ్వ కోడలు మాత్రం డాబా ఎక్కడం లేదు, ముందు గదిలో ఫ్యాను కింద జుట్టు ఆరబెట్టుకుంటోందట. వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా: శుక్రవారమే వెళ్ళండి, ఇల్లు నిలకడగా ఉంటుంది. ఫైండర్‌ను మాత్రం చీకటి పడ్డాక చంద్రుడి మీదో, ఏదైనా చుక్క మీదో సరిచేసుకోండి. పొద్దుగూకేదాకా డాబాలు ఆడవాళ్ళవి, అప్పటిదాకా కిందే కూర్చోండి.