జరగని క్లాసుల గంటలు

మడికొండ దాటాక ఉన్న ఒక చిన్న ఫ్యాక్టరీలో మూడేళ్లు పనిచేశాను. అప్రెంటిస్‌లు వారానికి కొన్ని గంటలు మిషన్ వదిలి క్లాసులో కూర్చోవాలన్నది రూలు. ఆ గంటలు రిజిస్టర్‌లో రాసి, వాళ్ల చేత సంతకం పెట్టించడం నా ఉద్యోగం. క్లాసు గదిలోనే ఒక మూలన నా టేబుల్. నిజానికి ఆ గదిలో నేను తప్ప ఎవరూ కూర్చునేవారు కాదు. ఆర్డర్లు ఎక్కువున్నాయని సూపర్‌వైజర్ ఎవరినీ వదిలేవాడు కాదు. నెలాఖరున ఫోన్ చేసి, "మేడం, గంటలు నింపున్రి" అనేవాడు. నింపేదాన్ని. వాళ్లు వచ్చి చదవకుండానే సంతకం పెట్టి పోయేవాళ్లు.

డోర్నకల్ నుంచి రోజూ రైల్లో వచ్చే ఒకామె మాత్రం చదివింది. పెళ్లయి, పాప పుట్టాక పని నేర్చుకుందామని వచ్చిన మనిషి. పేజీ మీద వేలు పెట్టి, "అక్కా, గీ అరవై గంటలు ఎవరియి?" అంది.

"నీవే."

"నేనెన్నడు కూసున్న గీ గదిల? డ్రాయింగ్ చేతికిస్తే నాకు సమజ్ కాదు. రేపు పరీక్షల ఏం రాయాలె?"

కోపంగా అనలేదు. తెలియక అడిగినట్టే అడిగింది. సంతకం పెట్టకుండానే వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం అందరి పేజీల్లోనూ నేను రాసిన దొంగ గంటలన్నీ కొట్టేసి, పక్కన నా సంతకం పెట్టి, రిజిస్టర్ తీసుకెళ్లి, క్లాసుకు ఎవరినీ వదలడం లేదని చెప్పి మేనేజర్‌కిచ్చాను.

సాయంత్రం సూపర్‌వైజర్ వచ్చాడు. "ఇన్ని దినాలు రాసింది మీరే గద మేడం. ఇప్పుడు నన్నెందుకు బద్నాం చేస్తున్నరు?" అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు.

తర్వాతి వారం నుంచి క్లాసులు మొదలయ్యాయి. గది నిండింది. క్యాంటీన్‌లో మాత్రం నేను వెళ్లి కూర్చుంటే మాటలు ఆగిపోయేవి. కొన్నాళ్లకు టిఫిన్ డబ్బా నా టేబుల్ దగ్గరే విప్పుకోవడం అలవాటైంది. కాజీపేటలో నా అద్దె గదిలోనూ పలకరించే మనిషి లేడు. కొన్ని ఆదివారాలు నా గొంతు నేను వినకుండానే గడిచిపోయేవి.

పరీక్ష పాసయ్యాక ఆమె చెప్పిపోవడానికి వచ్చింది. ఇంటికి దగ్గర్లోనే పని దొరికిందట.

"అక్కా, గా దినం నేను అడగకపోతే మీరు రాసుడు ఆపేటోళ్లా?"

"లేదు" అన్నాను.

"జర పైలం అక్కా" అని నాకే జాగ్రత్త చెప్పి వెళ్లిపోయింది.

ఇంకో ఏడాది అక్కడే పనిచేశాను. ఎవరూ పొమ్మనలేదు. మానేస్తానని చెప్పిన రోజు ఉండమనీ అనలేదు.