ఇవాళ గట్టు దిగాను

నేను వ్యవసాయ శాఖ ఉద్యోగిని. తల్లాడ దగ్గరి ఊళ్లలో నాట్లప్పుడు పొలం గట్టు మీద నిలబడి, కుదురుకు రెండు మూడు వరి మొక్కలే పెట్టమని రెండేళ్లుగా చెబుతున్నాను. ఆడవాళ్లు "అట్లనే మేడమ్" అంటారు. నేను బండెక్కగానే ఎప్పట్లాగే గుత్తులు గుత్తులుగా నాటేస్తారు.

ఇవాళ నాట్ల ముఠాకు పెద్ద అయిన ఎల్లమ్మ నడుం నిలబెట్టి సూటిగా అడిగేసింది.

"నువ్వెప్పుడన్న నాటేసినవా మేడమ్?"

లేదని ఒప్పుకున్నాను. ఇక తప్పుతుందా! చెప్పులు వదిలి, చుడీదార్ మోకాళ్ల దాకా మడిచి బురదలో దిగాను. రెండేసి మొక్కలు శ్రద్ధగా గుచ్చుతూ నాలుగడుగులు ముందుకు వేశానో లేదో, మడంతా ఒకటే నవ్వులు.

"ఏంది బిడ్డా, పెట్టిన నారు నువ్వే తొక్కుతున్నవ్! ఎనక్కి నడువాలె," అంటూ ఎల్లమ్మ నా నడుం పట్టుకుని వెనక్కి లాగింది.

సిగ్గుతో చచ్చాను. అయినా వంకరటింకరగా ఒక వరస పూర్తిచేశాను. పక్కనే వంగిన ఎల్లమ్మ మెల్లగా అంది: "నిజంగనే రెండు మొక్కలు సాల్తయా బిడ్డా?"

రెండేళ్లలో నా పద్ధతి గురించి వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న అది. చాలతాయని, అవే పిలకలు వేసి గుబురవుతాయని చెప్పాను. ఆ మడి నా పద్ధతిలోనే నాటారు. నా వంకర వరసను సర్దబోయిన ఒకామెను ఎల్లమ్మ ఆపింది. "ఉండనియ్యే, బిడ్డ మల్ల వచ్చి చూసుకుంటది."

నెట్ సెంటర్ కుర్చీలో కూర్చుని ఇది రాస్తుంటే నడుం విరిగిపోతోంది. మీ ఉద్యోగంలో మీరు గట్టు దిగిందెప్పుడో రాయండి. నేను ఎల్లుండి నా వరస చూసుకోవడానికి పోవాలి.