ఫరూక్ కూర్చున్న మీటింగు

రేపల్లెలో ఫొటో స్టూడియో నడిపే ఫరూక్‌కు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. తెనాలిలో నెలకోసారి జరిగే ఫొటోగ్రాఫర్ల అసోసియేషన్ మీటింగులో అయితే మరీను. అధ్యక్షుడు ప్రకాశరావు గొంతు సవరించుకునేసరికి టీ నెపంతో బయటపడేవాడు.

"రైలెక్కి అంత దూరం పోయేది మిక్చరు పొట్లానికేనా?" అని భార్య సల్మా ఎత్తిపొడిచేది. నిజమే కదా అని అతనికీ అనిపించేది. 2005లో పాత కెమెరా అమ్మేసి డిజిటల్ కెమెరా కొన్నాక మరీ అనిపించింది. రీళ్ల ఖర్చే లేనప్పుడు అసోసియేషన్ పెట్టిన రేటుకు తనెందుకు కట్టుబడాలి? ఆ ఊపులోనే బాపట్లలో ఒక పెళ్లి తక్కువ రేటుకు ఒప్పుకున్నాడు. అదీ సాక్షాత్తూ ప్రకాశరావు స్టూడియోకు పక్క వీధిలో.

పెళ్లిరోజు పొద్దున, వధూవరులు పీటల మీదికి వచ్చాక, కెమెరా మొరాయించింది. నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. బ్యాటరీ మార్చాడు, కార్డు మార్చాడు, లెన్సు తీసి మళ్లీ పెట్టాడు. జీలకర్ర బెల్లం పళ్లెం ముందుకు వచ్చేసింది. ముహూర్తం ఫొటో లేని ఆల్బం ఇస్తే ఈ చుట్టుపక్కల తనను ఇంకో పెళ్లికి పిలిచే నాథుడుండడు. సిగ్గు చంపుకుని ప్రకాశరావుకే ఫోన్ చేశాడు.

"అన్నా, నేను... మీ పక్క వీధిలోనే..."

"తెలుసులేవయ్యా. కెమెరా ఆగిందా? వస్తున్నా, ఉండు."

సరిగ్గా ముహూర్తానికి ముందు ఆయన రొప్పుకుంటూ వచ్చాడు. పెళ్లికూతురి తండ్రి గుర్తుపట్టాడు.

"ఏంటండీ, మీరొచ్చారు?"

"ఫరూక్ మా అసోసియేషన్ మనిషండి. ఒకరికొకరం సాయం వెళ్తుంటాం," అంటూ తన కెమెరా ఫరూక్ చేతిలో పెట్టాడు. "నీ పెళ్లి నువ్వే తియ్యి. లైటు నేను పట్టుకుంటా."

అంత పెద్ద స్టూడియో యజమాని పెళ్లి అయ్యేదాకా లైటు పట్టుకుని నిలబడ్డాడు. ఫరూక్‌కు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"అన్నా, ఆ రేటు సంగతి..." అన్నాడు చివర్లో.

"ఇక్కడొద్దు. ఆదివారం తెనాలి రా. అందరి ముందూ కడిగేస్తా."

అన్నట్టే కడిగేశాడు. మిగతావాళ్లూ తలో మాటా అన్నారు. ఫరూక్ చెవులు కాలిపోయాయి, కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది, కాళ్లు గుమ్మం వైపు లాగాయి. బయట టీ వచ్చిందని ఎవరో కేకేశారు. ఫరూక్ మాత్రం లేవలేదు.