చూడకుండా పెట్టిన సంతకం

మా ఆఫీసులో మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎవరో ఒకరు గోళ్ళరంగు సీసా మూత తీస్తారు. ఆ ఘాటు వాసనకు మిగతావాళ్ళకు ఏం గుర్తొస్తుందో తెలియదు గానీ, నాకు మాత్రం డీజిల్ ఫిల్టరు గుర్తొస్తుంది. ఇక కుర్చీలో కూర్చోలేను. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, సర్వీసు నుంచి వచ్చిన బస్సు ఏదైనా యార్డులో నిలబడి ఉందేమోనని చూస్తాను. లేకపోయినా ఒకసారి కిందికి దిగి వస్తాను. నేను ఇలా మాటిమాటికీ లేవడం చూసి పక్క టేబులావిడ నాకు షుగరు ఉందనుకుంటోంది. నేను కాదనలేదు. అసలు కారణం చెప్పాలంటే మునివెంకటప్పగారి గురించి చెప్పాలి. అది టీ తాగేలోపు అయ్యే పని కాదు.

హోసూరులో మా ఫ్యాక్టరీకి పదకొండు బస్సులు. వాటి బాగోగులు చూసే ట్రాన్స్‌పోర్టు ఇన్‌ఛార్జి ఆయన. జవళగిరి దగ్గర గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టి, ఎనిమిదో తరగతి దాకా చదివి, డ్రైవరుగా చేరి ఆ కుర్చీ దాకా వచ్చిన మనిషి. నేను గుంటూరు వైపు నుంచి ఇంజనీరింగు డిగ్రీతో వచ్చి ఆయన కింద చేరాను. మొదటిరోజు యార్డుకు వెళితే ఒక బస్సు కింద రెండు కాళ్ళు మాత్రమే కనిపించాయి. కాసేపటికి మిగతా మనిషి కూడా వచ్చాడు. చేతిలో ఎర్రటి గోళ్ళరంగు సీసా ఉంది. నా ముఖంలో ప్రశ్న ఆయనకు కనబడినట్టుంది.

"ఈ బండి షెడ్డుకు పోతా ఉందప్పా. అందుకే ఫిల్టరుకు బొట్టు పెట్టినాను."

"బొట్టెందుకండీ?"

"మా గొర్రెల్ని ఇంకొకరి మందలో కలిపే ముందు రంగు పూస్తాము. గొర్రె అబద్ధం చెప్పదు. కాసేవాడు చెప్తాడు."

షెడ్డంటే అక్కడి మాటలో మెకానిక్ షాపు. కొత్త ఫిల్టరు వేశామని బిల్లులో రాస్తారు. పాతది చూపించమంటే మూలనున్న కుప్పలోంచి ఏదో ఒక బండిది తీసి చేతిలో పెడతారు. మన బండి ఫిల్టరుకు మన గుర్తు ఉంటే ఆ ఆట సాగదు. ఇదీ ఆయన పద్ధతి. బజారులో ఫ్యాన్సీ షాపువాళ్ళు ఆయనకు పెళ్ళికెదిగిన కూతుళ్ళు ముగ్గురైనా ఉంటారని అనుకునేవాళ్ళట. ఉన్నది ఒక్క కొడుకు.

ఒకసారి సర్వీసైన బస్సు కింద దూరి చూస్తే ఎర్రబొట్టు పెట్టింది పెట్టినట్టే ఉంది. నాకు రక్తం ఉడికింది. ఆయన మాత్రం నన్ను వెంటబెట్టుకుని షెడ్డుకు వెళ్ళి, టీ తెప్పించుకుని, సగం తాగాక ఓనరుతో అన్నారు: "కొత్త ఫిల్టరు బాగుందప్పా. మా పాతదానికి ఉన్న పుట్టుమచ్చ దీనికీ ఉంది." ఓనరు లేచి, కొత్త ఫిల్టరు ఇచ్చి మనిషిని మా యార్డుకు పంపాడు. ఫిల్టరు మారిందని ఫోను వచ్చాక గానీ ఆయన మిగతా టీ తాగలేదు. దారిలో నేను, గట్టిగా అడగాల్సిందన్నాను. "రేపూ మన బండి చూసేది వాడే కదప్పా. అరిస్తే వాడు మారడు, ఇంకా బాగా దాచేది నేర్చుకుంటాడు," అన్నారు. నేను తల ఊపాను. ఆ రోజుల్లో నేను చాలావాటికి తల ఊపేవాణ్ణి. లోపల మాత్రం, చదువుకున్నవాడు గోళ్ళరంగు పట్టుకుని బస్సు కింద దూరడం ఏమిటనే ఉండేది.

ఒక వేసవిలో ఆయన చుట్టాల పెళ్ళికని ఊత్తంగరై వెళ్ళారు. పోతూ, "నాలుగో నంబరు బండి బ్రేకు పనికి పోవాల. పోకముందు గుర్తు పెట్టు, వచ్చినాక ఆ గుర్తు వెతుకు. అంతే మన ఉద్యోగం," అన్నారు. నాలుగో నంబరు కృష్ణగిరి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి నలభైమంది ఆడవాళ్ళను షిఫ్టుకు తెచ్చే బస్సు. నేను ఆధునికంగా ఆలోచించి, చక్రాలకు ఫోనులో ఫోటోలు తీశాను. బయటినుంచి. బ్రేకులు చక్రం లోపల ఉంటాయన్న సంగతి నాలుగేళ్ళు చదివినవాడికి తెలియక కాదు. షెడ్డువాళ్ళు పాత లైనింగులు, అంటే చక్రాన్ని ఒరుసుకుని ఆపే బ్రేకు పట్టీలు, గోనెసంచిలో వేసి ఇచ్చారు. సంచి మంచి బరువుగా ఉంది. ఆ బరువును నమ్మి, వెనక చక్రాలకు కొత్త లైనింగులు వేశారని రాసిన కాగితం మీద సంతకం పెట్టాను.

మూడోరోజు మధ్యాహ్నం ఆయన తిరిగొచ్చి సంచి కుమ్మరించారు. ఒక్కో లైనింగు అంచూ వేలితో తడిమి చూశారు. "ఇవి మనవి కావప్పా. బ్రేకు వేడికి రంగు నిలవదని, బిగించేటప్పుడే రంపంతో చిన్న గాటు పెడతాను, గొర్రె చెవికి పెట్టినట్టు. దీంట్లో ఒక్కదానికీ గాటు లేదు."

"మరి మనవి ఎక్కడున్నాయండీ?"

"యాడుంటాయి? బండిలోనే ఉన్నాయి. బండి యాడుంది?"

బండి అప్పటికే ఊళ్ళు తిరుగుతూ ఆడవాళ్ళను ఎక్కించుకుంటోంది. డ్రైవరు ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. స్టీరింగు ముందు కూర్చున్నవాడు ఫోను ఎత్తకూడదని నియమం పెట్టింది మునివెంకటప్పగారే. ఇద్దరం జీపులో కుందారపల్లికి బయల్దేరాం. హైవే ఎక్కేముందు ఆ బస్సు ఆగే చివరి స్టాపు అదే. జీపు నడుపుతున్న ఆయన రోడ్డు మీదినుంచి చూపు తిప్పలేదు. తిట్టి ఉంటే కొంత నయంగా ఉండేది. ఎదురుగా వచ్చే ప్రతి లారీనీ చూస్తూ, దాని ముందు మా బస్సును పెట్టి చూసుకుంటూ కూర్చున్నాను. స్టాపులో నిలబడ్డాక కూడా కాళ్ళు ఒకచోట నిలవలేదు. చివరికి బస్సు వచ్చింది. మమ్మల్ని దాటి, ఇంకొంచెం దాటి ఆగింది.

అందరినీ దించేశారు. వేరే బస్సు వస్తోందని చెప్పారు. ముందు సీటులోంచి దిగిన చిన్నమ్మ అనే ఆవిడ కొంగు సర్దుకుంటూ అడిగింది: "ఏమన్నా, బండికి ఏమైంది?"

"సంతకం పెట్టిన సారు ఈడనే ఉన్నాడు. ఆయన్నే అడగమ్మా," అన్నారు మునివెంకటప్పగారు.

నలభైమంది నావైపు తిరిగారు. బ్రేకు పని చేయకుండానే చేశామని షెడ్డువాళ్ళు రాశారని, నేను చూడకుండా సంతకం పెట్టానని చెప్పాను. మధ్యలో ఇంగ్లీషు పదాలు కొన్ని వాడాను. అవేమీ ఆదుకోలేదు.

"చూడకుండానా?" అంది చిన్నమ్మ. "మేము లైన్లో ఒక్కో పీసూ చూసి సీలు వేస్తాము సార్. చూడకుండా సుమ్మనే వేస్తే సాయంకాలానికి పని పోతుంది. మీకు పోదా?"

ఎవరో నవ్వారు. ఎక్కువమంది నవ్వలేదు.

బస్సును నెమ్మదిగా యార్డుకు తెచ్చి చక్రాలు విప్పితే, గాటు పెట్టిన పాత లైనింగులే ఉన్నాయి. అరిగిపోయి రివెట్లు బయటపడ్డాయి. ఏ ప్రమాదమూ జరగలేదు. ఈ కథ ఎవరికి చెప్పినా ప్రమాదం కోసం ఎదురుచూసి, లేదనేసరికి కొంచెం నిరాశపడతారు. జరగలేదు కదా అని నేనూ చాలాసార్లు చెప్పుకున్నాను. పనిచేయలేదు. మర్నాడు ఆయన దగ్గరికి వెళ్ళి, ఇకనుంచి సర్వీసు కాగితాల మీద మీరే సంతకం పెట్టండన్నాను.

"లేదప్పా, నువ్వే పెట్టాల," అన్నారు. "నాకు అలవాటైపోయింది. నీకు ఇప్పుడే భయం పుట్టింది. భయం ఉన్నవాడే పెట్టాల."

మా కళ్ళముందే కొత్త లైనింగులు బిగించారు. ప్రతిదానికీ గాటు నేనే పెట్టాను. మొదటి ట్రిప్పులో నన్ను కూడా వెళ్ళమన్నారు. చిన్నమ్మ పక్కన సీటు ఖాళీగా ఉంది. అంటే, మిగతా సీట్లలో ఎవరూ నాకు జరిగి చోటివ్వలేదు.

"ఈసారి చూసినారా సార్?"

"చూశానమ్మా."

"లోపల?"

"లోపలే."

"అట్లయితే నేను కండ్లు మూస్తాను. పొద్దున నాలుగింటికి లేచినాను," అని కిటికీకి తల ఆనించి, హోసూరు దాకా నిద్రపోయింది.

మునివెంకటప్పగారు కిందటేడు పోయారు. ఆయన కుర్చీలో ఇప్పుడు నేను ఉన్నాను, కూర్చున్నంతసేపు. బ్రేకు పని జరిగిన ప్రతి బస్సులోనూ మొదటి ట్రిప్పుకు ఎక్కుతాను. నేనెందుకు ఎక్కానో ఇప్పటి వాళ్ళకు తెలియదు, అడగరు కూడా. శూళగిరి వచ్చేసరికి బస్సంతా నిద్రలో ఉంటుంది. ముందు లారీ వేగం తగ్గించినప్పుడల్లా, డ్రైవరు వెనక సీటులో కూర్చున్న నేను నేలను కుడికాలితో గట్టిగా తొక్కుతాను.