వంటింట్లో పచ్చ లైటు

యోబుకి అర్థం కాని యంత్రం ఒకటి ఉంటుందని ఆకివీడు చుట్టుపక్కల చెరువుల మీద ఎవరూ అనుకోలేదు. యోబు అసలే అనుకోలేదు. చేపల చెరువులకు నీళ్ళు తోడే ఆయిల్ ఇంజన్లతో ముప్పై నాలుగేళ్ళు కాపురం చేసిన మనిషి. గట్టు మీద నడిచి వస్తూనే చప్పుడు విని, ఆ ఇంజనుకి ఎక్కడ నొప్పో చెప్పేసేవాడు. కొత్త ఇంజను కొన్న రైతు ముందు యోబుకి చూపించి, ఆ తరవాతే కొబ్బరికాయ కొట్టేవాడు.

అలాంటి యోబు అరవై రెండో ఏట, అరచేతిలో పట్టే తెల్ల ప్లాస్టిక్ డబ్బా ఒకటి ముందు పెట్టుకుని మూడు రోజులుగా బుర్ర గోక్కుంటున్నాడు. దాని పేరు ఎక్స్‌టెండరట. కూతురు రూబీ తాడేపల్లిగూడెంలో నర్సుగా చేస్తుంది. అక్కడ కొనుక్కొచ్చి, "ప్లగ్గులో పెడితే వైఫై వెనక గదికి కూడా వస్తుంది నాన్నా" అని చెప్పి డ్యూటీకి వెళ్ళిపోయింది. దానికి చక్రం లేదు, బెల్టు లేదు, విప్పి చూద్దామంటే ఒక్క నట్టు లేదు. ఇది యంత్రమెలా అయిందో యోబుకి తెలియలేదు.

ఇదంతా సరోజ కోసం. సరోజ యోబు భార్య. వాళ్ళ ఊరి చర్చిలో ముప్పై ఏళ్ళుగా పాట ఎత్తేది ఆవిడే. రెండు నెలల కిందట వాన పడిన రోజు పెరట్లో అంట్లు తోముకుని లేస్తూ జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఏలూరులో ఆపరేషన్ చేసి, కదలకుండా మంచం మీదే ఉండాలని పంపించారు. ఆ మంచం వెనక గదిలో ఉంది. ఇంటికి ముందు వైపు రెండు గదులూ ఈమధ్య వేసిన స్లాబు. వెనక గది మాత్రం యోబు తాతగారి నాటిది. గోడలు మూరెడు మందం. ఆ గదిలో ఎండ రాదు, చలి రాదు, ఫోను కూడా రాదు. ఎవరైనా చేస్తే మాట్లాడ్డానికి పెరట్లోకి పరుగెత్తాలి. ఇంటర్నెట్టు పెట్టె ఉన్నది వీధి గదిలో. మంచం అక్కడికి తెద్దామంటే, పెరటి తలుపులోంచి లోపలికి చేర్చిన ఆస్పత్రి మంచం, నడిమి గుమ్మంలో పట్టదు.

ఇంతలో కోత పండుగ వచ్చింది. ఆ రోజు సంఘంలో అందరూ తమ పంటలో మొదటి భాగం చర్చికి తెస్తారు. వరి కంకులు, గుమ్మడికాయలు, కోళ్ళు తెచ్చేవాళ్ళు తెస్తారు. చెరువుల వాళ్ళు ఇత్తడి బేసిన్లలో ప్రాణంతో ఉన్న చేపలు తెస్తారు. అవన్నీ నెత్తిన పెట్టుకుని గుమ్మం దగ్గర వరసగా నిలబడతారు. సరోజ పాట ఎత్తాలి. ఆవిడ ఒక వరస పాడితే సంఘమంతా దాన్ని అందుకుంటుంది, అప్పుడు ఆ వరస కదులుతుంది. ఆవిడ మంచాన పడ్డాక ఒక ఆదివారం ఎవరో ఎత్తబోయి మొదటి ముక్కే ఆకాశంలో పెట్టారు. రెండో చరణానికి అక్కడిదాకా ఎవరి గొంతూ చేరలేదు. హార్మోనియం ఒక్కటే నడిచింది.

సోమవారం పాస్టరు వెస్లీ గారు ఇంటికి వచ్చారు. "అమ్మగారూ, ఆదివారం పండక్కి మీరు ఇంట్లోంచే ఎత్తండి. వీడియో కాల్ చేస్తాం. మీ ముఖం తెర మీద, మీ గొంతు మైకులో" అన్నారు.

రెండు నెలల్లో మొదటిసారి సరోజ నవ్వింది. అంతలోనే, "ఈ గదిలోకి వస్తుందంటారా అయ్యగారూ" అంది.

"ఎందుకు రాదు, నేను చూసుకుంటాగా" అన్నాడు యోబు.

ఎవరూ అడక్కుండానే అనేశాడు. దాంతో పీకల మీదికి తెచ్చుకున్నాడు.

యోబు గురించి ఇంకో సంగతి చెప్పాలి. సంఘానికంతటికీ పాట నేర్పిన మనిషి మొగుడు చర్చిలో నోరు విప్పి పాడడు. తలుపు పక్క ఆఖరి బల్ల మీద కూర్చుని, పాటల పుస్తకం తెరిచి పట్టుకుని, పెదవులు కదపకుండా చూస్తుంటాడు. ఇంజన్ల రొదలో చెవులు మొద్దుబారాయని అందరి లెక్క. అసలు సంగతి వేరు. పెళ్ళయిన మొదటి ఆదివారం, కొత్త పెళ్ళాం పాడుతోందన్న సంబరంలో యోబు గొంతు చించుకుని పాడాడు. ఇంటికొస్తూ సరోజ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మీరు పాడుతుంటే నాకు రాగం తప్పిపోతోందండి" అంది. సరదాకే అంది. యోబు దాన్ని శాసనం కింద తీసుకున్నాడు. ముప్పై ఆరేళ్ళు. మళ్ళీ ఆవిడ అడగలేదు, ఈయన చెప్పలేదు.

బుధవారం ఉదయం డబ్బాని సరోజ తలాపున ఉన్న ప్లగ్గులో పెట్టాడు. ఎక్కడ లేదో అక్కడ పెట్టాలి కదా, అంతకన్నా సబబైన ఆలోచన ఏముంటుంది. ఎర్ర లైటు వెలిగింది. ఫోను తీసి చూస్తే అందులో రెండు వైఫై పేర్లు కనిపించాయి. ఒకటి యోబు. ఇంటర్నెట్టు పెట్టిన రోజు కేబుల్ వాళ్ళు ఇంటాయన పేరే పెట్టి వెళ్ళారు. దాని కింద మళ్ళీ యోబు, పక్కన ఏవో మూడు అక్షరాలు తగిలించి ఉన్నాయి.

"ఈ ఇంట్లో ఇద్దరు యోబులేంటి సరోజా" అన్నాడు.

"ఒక్కరితోనే వేగలేకపోతున్నానండి" అంది సరోజ.

ఆకివీడులో కేబుల్ చూసే కిరణ్ కుమార్‌కి పెరట్లోంచి ఫోను చేశాడు.

"ఆయ్, బాబాయ్ గారండీ. మీ ఫోను మొదటి పేరుని పట్టుకుందా, రెండోదాన్నా?"

"రెండూ నా పేర్లే కదండీ."

"రెండోది డబ్బాదండి. వెనక గదిలో దాన్నే పట్టుకోవాలండి."

పట్టుకున్నాడు. ఫోనులో గీతలన్నీ నిండుగా వచ్చాయి. గెలిచాననుకుని పాత వీడియో ఒకటి నొక్కాడు. గుండ్రటి సున్నా ఒకటి తిరిగింది. తిరుగుతూనే ఉంది. గీతలు నిండుగా ఉన్నాయి, బొమ్మ మాత్రం కదలదు. ఇదెక్కడి న్యాయం? ట్యాంకు నిండా నూనె ఉండి ఇంజను తిరగకపోవడం యోబు చూశాడు గానీ, దానికి ఏదో ఒక కారణం చేతికి తగిలేది. ఇక్కడ చేతికి తగలడానికే ఏమీ లేదు.

గురువారం ఇనప బీరువా అడ్డమేమోనని పక్కకి జరిపాడు. నడుం పట్టేసింది. శుక్రవారం డబ్బాకి ఎక్స్‌టెన్షను వైరు తగిలించి కిటికీలో పెట్టాడు, స్టూలెక్కి దూలానికి కట్టాడు. "పోనీ నా దిండు కింద పెట్టండి, పొదుగుతాను" అంది సరోజ. పైకి నవ్వుతోంది గానీ, యోబు లేనప్పుడు మెల్లగా గొంతు సవరించుకుంటోంది. అది పక్క గదిలోంచి యోబుకి వినిపించింది. ఎంత ఆశ పెట్టుకుందో అప్పుడు తెలిసి భయమేసింది.

శనివారం పదకొండింటికి పాస్టరు గారు చర్చిలోంచి కాల్ చేసి చూశారు. సరోజ తల దువ్వుకుని, తెల్లచీర భుజాల మీద కప్పుకుని సిద్ధంగా ఉంది. తెర మీద పాస్టరు గారి ముఖం వచ్చింది. "అమ్మగా" అన్నారు. నోరు తెరిచి అలాగే ఉండిపోయారు. కాస్సేపటికి తెర నల్లబడింది. మళ్ళీ చేశారు, మళ్ళీ అంతే. నాలుగోసారికి సరోజ ఫోను బోర్లా పెట్టేసింది.

"వదిలేయండి. ఎవరో ఒకరు ఎత్తుతార్లెండి" అని గోడవైపు ముఖం తిప్పుకుంది.

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది. ఇక తన అవసరం ఎవరికీ లేదని ఒప్పేసుకున్న మనిషి గొంతది. యోబు డబ్బా పీకి చేత్తో పట్టుకుని వంటింట్లోకి పోయి మంచినీళ్ళు తాగాడు.

గ్లాసు దించుతుంటే ఎప్పటిదో సంగతి గుర్తొచ్చింది. కొల్లేటి వైపు ఒక చెరువు, కాలువకి బాగా దూరం. ఒక ఇంజను చాలక రెండోది తెప్పించారు. దాన్ని తెచ్చిన డ్రైవరు నీళ్ళు ఎక్కడ కావాలో అక్కడే, ఎండిన చెరువు గట్టు మీదే పెట్టి స్టార్టు చేశాడు. చప్పుడు ఊరంతా వినిపించింది, గొట్టంలోంచి మాత్రం గాలి వచ్చింది. యోబు వెళ్ళి వాణ్ణి నానా తిట్లూ తిట్టాడు. మొదటి ఇంజను నీళ్ళు ఎక్కడిదాకా తెస్తుందో అక్కడ గుంట తీయించి, రెండోదాన్ని ఆ గుంట మీద పెట్టించాడు. లేనిచోట పెడితే ఏం తోడుతుందిరా అని అడిగాడు ఆరోజు.

ఇప్పుడు ఆ తిట్లన్నీ ఎవరికి చెందుతాయో తెలిసి, వంటింట్లో ఒక్కడే ఉన్నా సిగ్గుపడ్డాడు.

వీధి గదికీ వెనక గదికీ సరిగ్గా మధ్యలో ఉన్నది వంటిల్లే. మిక్సీ ప్లగ్గు పీకి అందులో డబ్బా పెట్టాడు. ఎర్ర లైటు వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. పచ్చ లైటు వచ్చింది. యోబు వెనక గదిలోకి వెళ్ళి, బోర్లా ఉన్న ఫోను తిప్పి పాస్టరు గారికి కాల్ చేశాడు. తెర మీద ఆయన కదిలారు, నవ్వారు, "వినిపిస్తోందా అమ్మగారూ" అన్నారు. సరోజ ఇటు తిరిగింది.

మిక్సీని అటక మీద పెట్టేశాడు. సాయంత్రం పండక్కి ఇంటికొచ్చిన రూబీకి పచ్చడి రోట్లో నూరుకోమని చెప్పాడు. అయితే ఇంజనుకి గొట్టం ఉంటుంది కదా, దీనికి గొట్టం ఏదీ? అది మాత్రం తేలలేదు. వంటింట్లో గాలిలో చెయ్యి ఊపి చూశాడు కూడా. ఏమీ తగల్లేదు.

ఆదివారం రూబీ బేసిన్లో రెండు బొచ్చె చేపలు పెట్టుకుని చర్చికి వెళ్ళింది. యోబు సరోజ ముందు ఫోను పట్టుకుని కూర్చున్నాడు. తెర నిండా జనం. బేసిన్లు, కంకులు, ఎదురు చూసే ముఖాలు. సరోజ కళ్ళు మూసుకుని మొదటి వరస ఎత్తింది. గొంతు కాస్త సన్నబడింది గానీ రాగం ఎక్కడిదక్కడే ఉంది. పాడి ఆగింది, సంఘం అందుకోవడానికి.

ఎవరూ అందుకోలేదు. సరోజ కళ్ళు తెరిచింది. వినపడలేదేమోనని అదే వరస మళ్ళీ ఎత్తింది. సగంలో ఉండగా, సంఘం మొదటిసారి అందుకున్న వరస ఫోనులోంచి ఇప్పుడొచ్చి ఆవిడ పాట మీద పడింది. ఆవిడ ఆగిపోయింది. వాళ్ళూ ఆగిపోయారు. యోబు వంటింటి గుమ్మంలోకి తొంగి చూశాడు. పచ్చ లైటే ఉంది. మరి ఏమైంది?

"అమ్మగారూ" అన్నారు పాస్టరు గారు, "మా గొంతులు మీకు ఆలస్యంగా వస్తున్నాయండి. సౌండు తగ్గించేసుకోండి. మమ్మల్ని వినొద్దు. మీరు పాడుకుంటూ పోండి, మేం అందుకుంటాం."

యోబు సౌండు పూర్తిగా తగ్గించేశాడు. సరోజ మళ్ళీ మొదటినుంచి ఎత్తింది. వరస అయిపోయింది. గది నిశ్శబ్దంగా ఉంది. తెర మీద నోళ్ళు కదులుతున్నాయి గానీ ఈ వరసకా, ముందుదానికా తెలియడం లేదు. ముప్పై ఏళ్ళు మూడొందల గొంతుల ఆసరా మీద పాడిన మనిషి, మూరెడు గోడల మధ్య ఒంటరిగా రెండో వరస ఎత్తింది. ఎంతసేపు ఆగాలో, ఎక్కడ అందుకోవాలో తెలియక యోబు వైపు చూసింది. ఆ చూపులో భయం ఉంది. ఇంకొక్క వరసకి ఆగిపోతుందని యోబుకి తెలిసిపోయింది.

అప్పుడు యోబు నోరు తెరిచాడు.

సంఘం పాడాల్సిన వరస తను పాడాడు. మొదటి రెండు మాటలూ బొంగురుగా వచ్చాయి. మూడో మాటకి రాగం దొరికింది. ఆఖరి బల్ల మీద అన్నేళ్ళు పెదవులు కదపకుండా విన్నదంతా గొంతులోకి వచ్చేసింది. సరోజ ఒక్క క్షణం బిత్తరపోయి, వెంటనే తరవాతి వరస ఎత్తింది. ఆవిడ ఎత్తడం, ఈయన అందుకోవడం. అయిదు చరణాలూ అలాగే పాడారు. తెర మీద బేసిన్లు ఒకదాని వెనక ఒకటి కదిలాయి. రూబీ చేపలు కూడా పాస్టరు గారి ముందున్న బల్ల దగ్గరికి చేరాయి.

పాట అయ్యాక యోబు సౌండు పెంచాడు. చర్చి సందడి గదిలోకి వచ్చి పడింది. పాస్టరు గారు నవ్వుతున్నారు. "బాగుందండి అమ్మగారూ. ఆ రెండో గొంతు ఎవరిదండీ? ఇక్కడ అందరూ అడుగుతున్నారు" అన్నారు.

తన గొంతు కూడా మైకులోకి వెళ్ళిందని యోబుకి అప్పుడు తట్టింది. గబగబా కాల్ కట్ చేశాడు.

సరోజ తనవైపే చూస్తోంది. "ఏవండీ, ఇంత బాగా పాడతారు కదా. ఇన్నేళ్ళూ ఎందుకు పాడలేదండీ?"

నువ్వే కదా అన్నావు అన్న మాట యోబు నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ ముఖం చూశాడు. ఆ ముఖంలో దాపరికం లేదు. ఆ మాట అన్నట్టు ఆవిడకి గుర్తే లేదు. ముప్పై ఆరేళ్ళు తను మోసిన మాటని ఆవిడ ఆరోజు ఇంటి గుమ్మం దాటకముందే మరిచిపోయింది. కోపం తెచ్చుకోవాలో నవ్వాలో యోబుకి తెలియలేదు. ఈ వారం రోజుల్లో అర్థం కానివాటిల్లో ఇది అన్నిటికన్నా పెద్దది.

"ఇంజన్ల దగ్గర పాటలేంటి సరోజా" అని ఊరుకున్నాడు.

"మూడో చరణంలో మాత్రం రాగం తప్పారండి" అంది సరోజ. తలకింద దిండు సవరించుకుని, "ఇలా వచ్చి కూర్చోండి, చెప్తాను" అంది.

యోబు వంటింట్లోకి వెళ్ళి స్టూలు తెచ్చి మంచం పక్కన వేసుకున్నాడు.