రెబెకమ్మ కాల్చిన గడ్డి

చేజర్లలో రెబెకమ్మతో ఎవరూ ఊరికే మాటలు పెట్టుకునేవారు కాదు. ఎండకు నల్లబడిన ముఖం, భుజాన చినిగిన తువ్వాలు, బుగ్గలో పొగాకు. ఎవరైనా పలకరిస్తే బదులుగా పక్కకు తిరిగి ఉమ్మేది. నిరుడు మలేరియా వాళ్లు దోమల మందు డీడీటీ కొట్టిపోయాక ఆమె దూడ కొట్టం గోడలు నాకి, కాళ్లు వణికి, పడి చచ్చింది. అప్పటినుంచి గోడలకు పేడ మెత్తి, బర్రెను బయట వేపచెట్టుకే కట్టేసేది. ఈ వేసవిలో వాళ్లు మళ్లీ వచ్చారు. ఆమె చేలో ఉండగా కొట్టమంతా మందు చల్లేశారు; అటక మీది వరిగడ్డి కూడా తెల్లబడింది. రెబెకమ్మ వచ్చి వాసన చూసి, వాళ్లను వీధి చివరిదాకా తరిమి తిట్టి, ఆ గడ్డంతా లాగి బయట కుప్ప వేసింది. ఊళ్లో ఎక్కడా మేత లేని రోజులు. పొలం గట్టు తగాదా నుంచి ఆమెతో మాటల్లేని పక్కింటి మస్తానయ్య, డొక్కలెండిన ఎద్దును తోలుకొచ్చి నిలబడ్డాడు.

"పారేసేదేగా, నాకియ్యి. దులిపి పెట్టుకుంటాను."

"దులిపితే పొయ్యేది కాదురా అది," అంటూ ఆమె పొయ్యిలోని కొరివి తెచ్చి కుప్పకు అంటించింది.

"నోరులేని దాని కూడు కాల్చినావు. నా మీద ఇంత కడుపుమంటా నీకు?"

"నీ మీద ఉండాది. చచ్చేదాకా ఉంటాది. నీ ఎద్దు మీద లేదు."

మస్తానయ్య తిట్టుకుంటూ వెళ్లిపోయాడు. రెబెకమ్మ మంట ఆరేదాకా కర్ర పట్టుకుని అక్కడే కాపలా ఉంది. కాలకుండా మిగిలిన పరకల కోసం ఆమె బర్రే పలుపు తెంచుకుని వస్తే, దాని మూతి మీద కూడా ఒక్కటేసి వెనక్కి తోలింది.