సగంలో సగం

నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా అమ్మ గొంతులో థైరాయిడ్ క్యాన్సర్ గడ్డ బయటపడింది. అమ్మ కొండాపూర్ దగ్గర ఒక అద్దాల ఆఫీసులో హౌస్‌కీపింగ్ పని చేసేది. దవాఖానలో ఆపరేషన్ చేసి గడ్డ తీసేశారు. మిగిలిన జబ్బు చావడానికి రేడియోధార్మిక అయోడిన్ గోళీ ఒకటి మింగించారు. కొన్నాళ్లు అక్కడే ఒంటరి గదిలో ఉంచి, ఇంటికి పంపేటప్పుడు ఇంకొన్నాళ్లు అందరికీ దూరంగా ఉండమన్నారు. ముఖ్యంగా పిల్లల్ని దగ్గరికి రానీయొద్దన్నారు.

మాకున్నవి రెండు గదులు. లోపలిది అమ్మకు వదిలేసి నాన్న, నాయనమ్మ, నేను ముందు గదిలో సర్దుకున్నాం. నాయనమ్మకు ఈ కట్టడి కొత్త కాదు. పాలమూరు దిక్కు పల్లెలో పురిటి మైల పట్టినట్టే పట్టింది. వేరే కంచం, వేరే చాప, గుమ్మంలో అన్నం పెట్టి వెనక్కి జరగడం. గడువు తీరిన రోజు తలస్నానం చేయించి, ఇల్లు పసుపునీళ్లతో కడిగితే అంతా పోతుందని ఆమె ధీమా. నేను లోలోపల నవ్వుకున్నాను. సైన్సు చదివే పిల్లనన్న పొగరు నాది.

పొగరే గానీ ధైర్యం లేదు. అమ్మ గదిలోంచి సినిమాల్లోలా పచ్చటి వెలుతురు ఏమైనా వస్తోందా అని తలుపు సందులోంచి చూసేదాన్ని. మామూలు ట్యూబులైటే కనిపించేది. దాని కింద అమ్మ గోడకు ఆనుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. పొద్దంతా ఏదో ఒకటి తుడుస్తూ ఉండే ఆ చేతులు అలా ఊరికే పడి ఉండటం చూస్తే భయం వేసేది.

అప్పుడే మా కెమిస్ట్రీ మేడం పరమాణు నిర్మాణం మొదలుపెట్టింది. పరమాణువు గచ్చిబౌలి స్టేడియమంత ఉంటే అందులో కేంద్రకం బఠానీ గింజంత అనీ, మిగతాదంతా ఖాళీయేననీ చెప్పింది. నా మోచేయి ఆనిన బల్ల, బల్ల మీది నా చేయి అన్నీ ఖాళీయేనని వింటుంటే ఒళ్లు జలదరించింది. అక్కడినుంచి సిలబస్ దాటి రేడియోధార్మికతలోకి, అర్ధాయువులోకి వెళ్లింది. మాది తెలుగు మీడియం. ఒక్కో వాక్యం ఆమె చెబితే మేమంతా గొంతెత్తి అప్పజెప్పాలి.

ఇంట్లోనూ అదే పద్ధతి. పైకి వినిపించని చదువు చదువే కాదని నాన్న నమ్మకం. ఐటీ కంపెనీ క్యాబ్ తిప్పి వచ్చి, నా గొంతు వింటూ కునుకు తీసేవాడు. నేను అమ్మ తలుపుకు వీపు ఆనించి కూర్చుని బట్టీ పట్టేదాన్ని. రేడియోధార్మిక పదార్థం ఒక అర్ధాయువుకు సగం మిగులుతుంది, మరొక అర్ధాయువుకు అందులో సగం. ఎన్ని అర్ధాయువులు గడిచినా పూర్తిగా సున్న కాదు. తలుపవతల అమ్మ దగ్గు ఆగిపోయేది. నా చదువు వింటోందని సంబరపడేదాన్ని.

గడువు తీరింది. డాక్టరు పరీక్ష చేసి, ఇక మామూలుగా ఉండొచ్చన్నాడు. నాయనమ్మ నీళ్లు కాచింది, ఇల్లు కడిగింది. అమ్మ బయటికి వచ్చింది కానీ నా దగ్గరికి రాలేదు. కంచం వేరే, పక్క వేరే. రోజూ పనికి వెళ్లేముందు నాకు జడ వేసే మనిషి, నేను దువ్వెన తీసుకుని పోతే గోడవైపు జరిగింది.

"నువ్వే అల్లుకో బిడ్డా. ఇంక ఆ మందు నాలకెళ్లి పోలె గద."

"డాక్టర్ పోయిందన్నడు గదమ్మా."

"నువ్వే సదివినవ్ గద, ఎన్నొద్దులైనా సున్న కాదని."

నాయనమ్మ మైలకైనా ఒక చివర ఉంది. నా పుస్తకంలో లేదు. అమ్మ డాక్టరును కాదని నా పుస్తకాన్ని నమ్మింది. ఇంట్లో నేను నడుస్తుంటే ఆమె పక్కకు తప్పుకోవడం, నా గ్లాసు పొరపాటున తాకి మళ్లీ మళ్లీ కడగడం చూసి నాకు ఏడుపొచ్చేది. బతికే ఉన్న అమ్మ మీద బెంగ పెట్టుకున్నాను.

చివరికి మేడంను అడిగాను. ఆమె నా భుజం మీద చేయి వేసి నింపాదిగా చెప్పింది. కొన్ని నెలలు పోతే అమ్మలో ఆ మందు ఉన్నా లేనట్టేనంది. అసలు తిండిలోంచి వచ్చే పొటాషియం వల్ల రేడియోధార్మికత ప్రతి మనిషిలో పుట్టుకతోనే కాస్త ఉంటుందట, దానివల్ల ఏ హానీ లేదట. నేను సాయంత్రం బస్సు దిగి పరుగున ఇంటికి వచ్చాను. అమ్మ బియ్యం ఏరుతోంది.

"అమ్మా, అది నీలనే కాదు, నాల గూడ ఉన్నదట. మా మేడం చెప్పింది."

మిగతాది చెప్పడానికి ఊపిరి తీసుకుంటున్నాను. అమ్మ చేట కింద పెట్టింది. ముఖంలో నెత్తురు లేదు.

"నా నుంచే అంటిందా? గంత దూరమున్నా గూడనా?"

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది. తర్వాత మెల్లగా అంది.

"ఇగ దూరముండి ఏం ఫాయిదా. రా."

నన్ను లాక్కుని ముందు కూర్చోబెట్టుకుంది. జడ విప్పి, వేళ్లతో చిక్కులు తీయడం మొదలుపెట్టింది. ఆమె మోకాళ్లు నా భుజాలకు తగులుతున్నాయి. నా పాపిట మీద వెచ్చటి చుక్కలు పడుతున్నాయి. మేడం చెప్పిన మిగతా మాట నా నోటిదాకా వచ్చింది. అది అంటే ఆ చేతులు మళ్లీ వెనక్కి పోతాయేమోనని భయమేసి, జడ పూర్తయ్యేదాకా నోరు మూసుకుని కూర్చున్నాను.

పూర్తయ్యాక అంతా చెప్పాను. తర్వాత కూడా చాలాసార్లు చెప్పాను. ప్రతిసారీ అమ్మ నా తల నిమిరి ఒకటే అంటుంది.

"నా మనసు నిమ్మళం కోసం చెప్తున్నవ్. నాకు ఎర్కే బిడ్డా."